తిప్పయ్య కారు మొక్కు మానిన సంగతి

ధర్మవరం నుంచి గోరంట్ల వైపు పోయే దారిలో ఒక చిన్న కనుమ ఉంది. సుంకులమ్మ కనుమ అంటారు. అక్కడ ఊరు లేదు, నీళ్ళు లేవు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేరు. అయినా ఈ పొద్దు ఆ దారిన పోయే బస్సు అక్కడ నిలుస్తుంది. లారీ నిలుస్తుంది. పెండ్లి వ్యాను నిలుస్తుంది. డ్రైవరు చెప్పులు విడిచి దిగుతాడు. ఎందుకయ్యా దిగుతావు అంటే "అదంతే" అంటాడు. అదంతే అంటే సరిపోతుందా? ఆ పని మొదలుపెట్టినవాడు మా వీధి తిప్పయ్య. మనిషి చచ్చినాక పొగిడే అలవాటు నాకు లేదు. వాడు బతికి ఉండగానే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి, సంగతిని మాత్రం దిద్దొద్దు.

తిప్పయ్యది ఆ కనుమకు ఆవల ఒక శెనక్కాయ చేండ్ల పల్లె. వాన మబ్బు పొరపాటున వచ్చి, ఊరి పేరు కనుక్కుని, వెనక్కి పోయే పల్లె. ఇంట్లో ఎద్దులు అమ్ముకున్న ఏడు వాడు ధర్మవరం వచ్చి లారీ క్లీనరుగా చేరాడు. తర్వాత ఒక రెడ్డి ఇంట్లో కారు డ్రైవరయ్యాడు. రెడ్డి రాజకీయాల్లో దిగి జీపు కొనుక్కున్నాక, పాత నల్ల అంబాసిడరును తిప్పయ్యకు ఇచ్చేశాడు. జీతం కింద ఇచ్చాడో, ప్రేమతో ఇచ్చాడో, కొట్టం ఖాళీ చేసుకోవడానికి ఇచ్చాడో ఆయనకే తెలియాలి. డెబ్బై మూడో డెబ్బై నాలుగో సంవత్సరం అది. అప్పటికే ఆ కారు రెడ్డినీ, రెడ్డి మనుషులనూ, ఓట్ల కాలంలో వాళ్ళు తినే కోళ్ళనూ మోసి మోసి ఒళ్ళు హూనమై ఉంది.

తిప్పయ్య, వాడి పెండ్లాం మారెక్క మా ఇంటి పక్క గదిలో బాడుగకు ఉండేవాళ్ళు. మాది మగ్గం ఇల్లు. మా గోడ నీడలో వాడి కారు నిలిచేది. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఒక్కోసారి నా నోటికి భయపడి నారాయణమ్మక్కా అని పూర్తి పేరుతో పిలిచేవాడు.

ఆ కారుకు పేరు ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి.

ధర్మవరం నుంచి పోతుంటే కనుమలో ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు పల్లం. ఆ పల్లంలోకి చూస్తే కండ్లు తిరుగుతాయి. కొండ మొదట్లో సుంకులమ్మ ఉంటుంది. గుడి లేదు. పసుపు పూసిన రాయి, దాని మీద వేపమండ, అంతే. సరిగ్గా అమ్మవారికి ఎదురుగా రోడ్డు కింద ఒక మోరీ ఉంది. దాని మీద రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కుంగి ఉండేది. ఒక మాఘమాసంలో తిప్పయ్య కారులో పెండ్లికూతురిని తీసుకుపోతున్నారు. పెండ్లికూతురి అవ్వ ఓబమ్మ ముందు సీట్లో కూర్చుంది. అమ్మవారి దగ్గరికి రాగానే కారు ముక్కు ఒక్కసారి కిందికి వంగింది. ఎడమకు, అమ్మవారి వైపుకు తిరిగింది. మళ్ళీ తలెత్తి తన దారిన పోయింది.

"కారు మొక్కిందే!" అని ఓబమ్మ కేక పెట్టింది. "ఓ తిప్పయ్యా, నీ కారు సుంకులమ్మకు మొక్కె, చూస్తివా?"

తిప్పయ్య ఏం చూస్తాడు? రెండు చేతులా స్టీరింగు చక్రం పట్టుకుని తంటాలు పడుతున్నాడు. "ఆఁ అవ్వా" అన్నాడు. ఆ ఒక్క 'ఆఁ' చాలింది.

ఆ పెండ్లి బాగా జరిగింది. పిల్ల కాపురం కుదురుకుంది. ఆ ఏడు వాన కూడా పడింది. మా సీమలో వాన పడితే ఆ పుణ్యం ఎవరికి కట్టబెట్టాలా అని జనం వెతుకుతారు. కారుకు కట్టబెట్టారు. ఓబమ్మ నోరు ఊరుకునే నోరు కాదు. మరుసటి ముహూర్తాలకు కొత్తచెరువు వాళ్ళు వచ్చారు, కదిరి వాళ్ళు వచ్చారు. "బండి మొక్కితే పెండ్లి నిలుస్తాది" అన్నారు. బానెట్టుకు పసుపు పూశారు, అద్దానికి వేపమండ కట్టారు. వేరే టాక్సీ వాకిట్లో నిలబడి ఉన్నా సరే, సుంకులమ్మ కారు వచ్చేదాకా పెండ్లికూతురు గడప దాటేది కాదు. గోరంట్ల టాక్సీ రంగన్న తన కారుకు కూడా మొక్కు నేర్పుదామని సరిగ్గా అక్కడ బ్రేకు తొక్కి చూశాడట. కారు మొక్కలేదు, పెండ్లికొడుకు ముక్కు పగిలింది.

తిప్పయ్యకు మంచి బట్ట, మారెక్క చెవులకు కమ్మలు ఆ కాలంలో వచ్చినవే. నాకేమీ కడుపుమంట లేదు. ఎందుకు లేదో కూడా చెప్తాను.

మా ఆయన వెంకటరాముడు నేసిన చీర విప్పితే పోగు పోగూ పలికేది. ఆయనకు ఎదలో జబ్బు వచ్చింది. అనంతపురం పెద్దాసుపత్రికి పోయిన ప్రతిసారీ తిప్పయ్య కారే. నేను అడిగింది లేదు. పొద్దున్నే కారు మా వాకిట్లోకి వచ్చి నిలబడేది. చివరిసారి ఆయన ఆసుపత్రిలోనే పోయాడు. అక్కడి టాక్సీ వాళ్ళు ఒక్కరూ శవాన్ని ఎక్కించుకోలేదు. వాళ్ళ తప్పు కాదు. శవం ఎక్కిన బండి అని తెలిస్తే పెండ్లివాళ్ళు మళ్ళీ ఆ బండి ముఖం చూడరు. తిప్పయ్య కారు పెండ్లి బాడుగల మీదే బతికే కారు. వాడు మా ఆయన్ను రెండు చేతులతో ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. పంచె అంచు సరిచేశాడు. "పదన్నా, ఇంటికి పోదాం" అన్నాడు. దారిపొడుగునా ఆయన తల వాలినప్పుడల్లా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కారు నడిపాడు. తెల్లారి మారెక్క ఆ సీటు కడగబోతే "ఏమంటిందని కడుగుతావే? అన్న కూర్చున్న సీటది" అన్నాడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఒక్కరూ బయట చెప్పలేదు. మా వీధికి ఉన్న మంచి గుణం అదొక్కటే.

ఆయన పోయాక నేను పట్టు చీరలు మోసుకుని పెండ్లిండ్లకు తిరిగి అమ్ముకునేదాన్ని. తిప్పయ్య కారు అటు పోతే నన్నూ ఎక్కించుకునేవాడు. ఒకసారి ముందు సీట్లో కూర్చున్నాను. అప్పుడు చూశాను వాడి చేతులు. చక్రాన్ని ఇటు సగం తిప్పుతాడు, అటు సగం తిప్పుతాడు, కారు మాత్రం ఏమీ ఎరగనట్టు తిన్నగా పోతుంది. ఇంకొంచెం తిప్పాక అప్పుడు గుర్తొచ్చినట్టు తిరుగుతుంది.

"ఏమప్పా, నువ్వు చక్రం తిప్పేది ముందు, బండి తిరిగేది ఎనకాల. నడుమ ఆ తిప్పు యాడికి పోతాండాది?"

"యాడికీ పోదులే అక్కా. దీనికి కొంచెం చెవుడు. రెండుసార్లు చెప్పల్ల."

"మూడోసారి చెప్పే పని పడితే?"

"అప్పుడు నువ్వు అరుద్దువులే. నీ గొంతుకు ఇనని బండి యాడుండాది?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మగ్గం దగ్గర పుట్టి పెరిగినదాన్ని. మగ్గంలో ఏ కట్టు వదులైనా నేసేవాడు కప్పిపుచ్చలేడు, చీరలో కనపడిపోతుంది. చీర చెడితే విప్పుకోవచ్చు. కారులో ఉండేది మనుషులు కదా. ఇంటికి రాగానే దాదాపీర్‌ను పిలిపించాను.

దాదాపీర్ అనంతపురం రోడ్డులో షెడ్డు ఉన్న మెకానిక్కు. లావు మీసాలు, అంతకన్నా లావు గొంతు. తన గొప్ప తానే చెప్పుకుంటాడు. అది అబద్ధమైతే బాగుండేది, తిట్టడానికి వీలుండేది. కారు ముందు టైరును రెండు చేతులా పట్టి ఊపాడు. పాత ట్రంకు పెట్టెలో గరిటెలు ఊపినట్టు లొడలొడ మోగింది. గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరి, బయటికి వచ్చి తిప్పయ్య ముఖం మీదే అన్నాడు:

"ఇది మొక్కు కాదప్పా, మూర్ఛ! బుష్షులు పూరా పోయినాయి. షాకబ్జర్లు చచ్చినాయి. స్టీరింగు పండ్లు అరిగి తాత నోరు మాదిరి ఉండాది. ఎడమ పక్క బరువు మోసే కడ్డీ నీరసపడింది. గుంతలో పడినప్పుడంతా ఎడమకు కూలబడతాది. ముసలోడు కూలబడితే నమస్కారం పెట్టెననుకుంటిరా?"

"ఏదో కొంచెం అతుకు ఏసి..." అని నసిగాడు తిప్పయ్య.

"అతుకు ఏసేది దర్జీ. నేను దాదాపీర్. విప్పితే పూరా విప్పుతా, పూరా కొత్తవి ఏస్తా. లేకుంటే చెయ్యి పెట్టను."

"అంతా ఏస్తే... అప్పుడు మొక్కదా?"

"గీత గీసినట్టు పోతాది. అమ్మ వచ్చి రోడ్డు మీద నిలబడినా తల వంచదు." అనేశాక, ఎందుకైనా మంచిదని కనుమ ఉన్న దిక్కుకు తిరిగి రెండు చెంపలూ వేసుకున్నాడు.

తిప్పయ్య కష్టం అక్కడ మొదలైంది. కారుకు పేరు తెచ్చింది ఆ జబ్బే. జబ్బు పోతే పేరు పోతుంది, పేరు పోతే పెండ్లి బాడుగలు పోతాయి. మామూలు బాడుగకు ఆ పాత కారును ఎవడు పిలుస్తాడు? జబ్బును అట్లే ఉంచితే ఏదో ఒక రోజు ఎవరి ప్రాణమో పోతుంది. మారెక్క అయితే ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మవారు వంచిన తలను నువ్వు నిక్కబెడతావా? మన కడుపు కాలదా?"

అంతలో ఈ సంగతి గోరంట్ల దాకా పోయింది. రంగన్న తన టాక్సీ వేసుకుని వచ్చి మా గోడ నీడలోనే కూర్చున్నాడు.

"తిప్పన్నా, కారు నాకియ్యి. ఏమీ బాగు చెయ్యద్దు. మొక్కుతో సహా ఎట్లుండాదో అట్లే కావల్ల. నువ్వడిగినంత ఇస్తా. నువ్వు దీనికన్నా మంచిది కొనుక్కో."

ఇది మారెక్కకు నచ్చింది. "అమ్మేది పాపమే. కానీ విప్పేదానికన్నా చిన్న పాపం" అంది నాతో. పాపాలను తక్కెడలో పెట్టి తూచడం మారెక్క తర్వాతే ఎవరైనా.

తిప్పయ్యకు ఏదీ తేలలేదు. పొద్దున్నే కారు కడిగేవాడు, దాని చుట్టూ తిరిగేవాడు, మళ్ళీ కడిగేవాడు. నేను ఒక మాట చెప్పి ఉంటే వినేవాడేమో. కానీ మా ఆయన తలను చేత్తో పట్టుకుని తెచ్చిన మనిషికి 'నీ అన్నం పారేసుకో' అని చెప్పడానికి నా అంతటి దానికి కూడా నోరు రాలేదు.

చివరికి మారెక్కే ఒక దారి చూపింది. "అమ్మనే అడుగుదాం. పువ్వు పెడదాం. కుడి పక్క పడితే బాగు చేయిద్దాం, ఎడమ పక్క పడితే అమ్మేద్దాం." పెద్ద పనికి ముందు అమ్మవారి మీద పువ్వు పెట్టి అడగడం మా వైపు ఉన్నదే. ముగ్గురం పోయాం. పోయేటప్పుడు కారు అలవాటు ప్రకారం తల వంచింది. "చూస్తివా అక్కా" అన్నట్టు మారెక్క నా వైపు చూసింది.

మారెక్క ఇంట్లోనే స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చింది. రాయి నెత్తిన కనకాంబరం పెట్టి దండం పెట్టుకుంది. కనుమలో గాలి ఎట్లుంటుందో ఆ దారిన పోయినవాళ్ళకు తెలుసు. పువ్వు కుడికీ పడలేదు, ఎడమకీ పడలేదు. ఎగిరి మా నెత్తుల మీదుగా పల్లంలోకి పోయింది.

"అమ్మ ఏమన్నట్టు?" అని అడిగింది మారెక్క.

"మీకు బుద్ధి ఇచ్చినాను కదా, మీరే చూసుకోండి అనింది" అన్నాను.

కొంచెం పైకి పోయి, కారు తిప్పుకుని ఇంటి దారి పట్టాం. ఇప్పుడు దిగుడు. అమ్మవారు మాకు కుడి చేతి వైపు, పల్లం ఎడమ చేతి వైపు. ఇది చెప్పాల్సిన పని లేదు, ఎవరికైనా తెలిసేదే. కానీ అన్నేండ్లలో ఓబమ్మకు గానీ, మారెక్కకు గానీ, బానెట్టుకు పసుపు పూసిన ఏ మహాతల్లికి గానీ తట్టలేదు. పోయేటప్పుడు అందరూ కండ్లు పెద్దవి చేసుకుని మొక్కు చూస్తారు. వచ్చేటప్పుడు పెండ్లి భోజనం తిని నిద్రపోతారు.

మోరీ దగ్గరికి వచ్చాం. కారు తల వంచింది. ఎడమకు తిరిగింది.

తిప్పయ్య కుడికి తిప్పాడు. కారు వినలేదు. మళ్ళీ తిప్పాడు. వినలేదు. నేను నిజంగానే అరిచాను. వాడు మూడోసారి చక్రం మీద ఒళ్ళంతా వేసి తిప్పుతూ బ్రేకు తొక్కాడు. కారు నిలిచింది. ముందు ఎడమ చక్రం కింద నుంచి రాళ్ళు జారి పల్లంలోకి దొర్లుతున్న చప్పుడు వినపడింది. అది ఆగినాక ఒకరి వెనక ఒకరం కుడి తలుపు గుండా దిగాం. మారెక్క రోడ్డు మీదే చతికిలబడింది.

"ఏమ్మే మారెక్కా" అన్నాను. "పోయేటప్పుడు అమ్మకు మొక్కె, సరే. వచ్చేటప్పుడు ఎవరికి మొక్కినట్టు? ఆ పల్లానికా?"

మారెక్క అటు చూసింది, ఇటు చూసింది. "అమ్మకు వీపు చూపించె కదక్కా!" అని నెత్తి కొట్టుకుంది. ప్రాణం పోయేదన్న బాధ దానికి లేదు. ఇన్నాళ్ళూ తమ కారు అమ్మవారికి వీపు చూపిస్తూ వచ్చిందన్నదే బాధ. "నీకు తెల్దా?" అని మొగుడిని నిలదీసింది.

"తెలుసు" అన్నాడు తిప్పయ్య. "ఎప్పుడూ కొంచెమే వంగుతాండె."

"అయితే ఇంక ఇది మనకొద్దు. ఈ పొద్దే రంగన్నకు ఇచ్చెయ్యి."

తిప్పయ్య చక్రం పక్కన గొంతుకూర్చుని, అంచుకూ టైరుకూ మధ్య ఎంత జాగా ఉందో చేత్తో తడిమి చూశాడు. బెత్తెడు కూడా లేదు. అప్పుడు అన్నాడు: "రంగన్నకు ఇద్దరు ఆడబిడ్డలు. టాక్సీలోనే బడికి దింపుతాడు. ముందు సీటు కోసం ఇద్దరూ కొట్లాడతారు, నేను చూసినా."

మారెక్క లేచి చీర దులుపుకుంది.

"విప్పిద్దాంలే" అని లేచాడు.

తిప్పయ్య మీద నాకు ఉండే గౌరవమంతా మా ఆయన కోసమే అనుకుంటారు వీధిలో. మా ఆయన కోసం చేసింది నా మీది అభిమానంతో చేశాడు. కానీ రంగన్న పిల్లలు వాడికి ఏమవుతారు? ఆ పొద్దు ఆ అంచు మీద వాడి నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు, అది నా చెవులతో విన్నందుకు, నాకు ఇప్పటికీ మనసు నిండుగా ఉంటుంది.

పని పెట్టుకుందామంటే దాదాపీర్ షెడ్డులో బండి కిందికి దిగి పని చేసే గుంత లేదు. ఉంది గానీ, దాని మీద ఒక బస్సు కూర్చుని ఉంది. ఆ బస్సు కోర్టులో ఉందట, కదపకూడదట. గుంత లేకుండా కారు కింద పడుకుని ఇంత పని చేయలేనన్నాడు.

"గుంతేనా? మా ఇంట్లో ఉండాది" అన్నాను.

మా ఆయన మగ్గం గుంత. ఆయన పోయాక మగ్గం వేరేవాళ్ళకు ఇచ్చేశాను. వీధి వైపు ఉన్న ఆ కొట్టం గోడ వానకు పడిపోయింది, కప్పు తీసేశాం. ఆయన కాళ్ళు పెట్టుకుని నేసిన గుంత మాత్రం మిగిలింది. "పూడ్చెయ్యి నారాయణమ్మా, పాములు చేరతాయి" అని అందరూ చెప్పారు. పాములైనా ఉండనీ అని నేను పూడ్చలేదు. ఎందుకు పూడ్చలేదో నాకే తెలియదు. ఆ పొద్దు తెలిసింది.

నలుగురు తోసి కారును కొట్టంలోకి తెచ్చారు. చక్రాలు గుంతకు అటూ ఇటూ సరిపోయాయి. దాదాపీర్ పానాలు తీసుకుని వచ్చాడు. గుంత దగ్గర ఆగాడు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు దూరంగా విడిచాడు. వంగి గుంత అంచును తాకి, చేయి కండ్లకు అద్దుకున్నాడు. "అన్న కూర్చున్న జాగా" అన్నాడు. వాడి నోట్లోంచి అంత చిన్న గొంతు వస్తుందని నాకు తెలియదు. గుంతలో దిగి, మా ఆయన కూర్చున్నట్టే కూర్చున్నాడు. మా ఆయన తల వంచి పని చేసేవాడు. దాదాపీర్ తలెత్తి చేశాడు. తేడా అంతే.

బెంగళూరు నుంచి సామాన్లు రావడం, ఒకటి సరిపోక తిరిగిపోవడం, మళ్ళీ రావడం. ఎండాకాలమంతా అదే పని. తిప్పయ్య తాడిపత్రి రాళ్ళ లారీలకు కూలి డ్రైవరుగా పోయేవాడు. మారెక్క నా దగ్గర పట్టు కండెలు చుట్టేది. సామాన్లకు నేనేమైనా ఇచ్చానా అని అడగొద్దు. ఇచ్చిన చేయికి తెలుసు, తీసుకున్న చేయికి తెలుసు. రోజంతా ఆ కొట్టంలో ఇనుము మీద ఇనుము తట్టే చప్పుడు. మగ్గం ఆగిపోయినాక ఆ ఇంట్లో మళ్ళీ పని చప్పుడు వినడం అదే. చెవికి కటువుగా ఉన్నా, మనసుకు మాత్రం హాయిగానే ఉండింది.

కారు లేచి నిలబడిన తర్వాత మొదటి పెండ్లి బాడుగ ఎవరిదనుకున్నారు? ఓబమ్మదే. మొదటి పిల్ల చెల్లెలి పెండ్లి. "అక్కను తీసుకుపోయిన కారే చెల్లెలికీ కావల్ల" అని పట్టుబట్టింది. చీర నాదే కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఓబమ్మ ముందు సీట్లో, పెండ్లికూతురు, దాని మేనత్త, నేను వెనక. కారు ఎంత మెత్తగా పోతోందో చెప్పలేను. కానీ తిప్పయ్య మెడ వెనక చెమట కారుతోంది. కనుమలో ఏమవుతుందో వాడికి తెలుసు.

అమ్మవారి దగ్గరికి వచ్చాం. ఓబమ్మ రెండు చేతులూ జోడించి కారు మొక్కు కోసం ఎదురుచూసింది. మోరీ మీద చిన్న కుదుపు. కారు తల వంచలేదు. ఏ పక్కకూ తిరగలేదు. దొరసాని మాదిరి నడిచిపోయింది.

"ఆపు! ఆపు! మొక్కలేదు!" అని ఓబమ్మ తలుపు కొట్టింది. "అయ్యో, ఏం కీడు వచ్చిందిరా నాయనా! పిల్లను దింపండి, ఈ పెండ్లి వద్దు!" పెండ్లికూతురు ముఖం పాలిపోయింది. మేనత్త అప్పుడే ఏడుపు అందుకుంది.

తిప్పయ్య కారు నిలిపాడు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. అమ్మ మరోచోటికి పోయిందనో, రాత్రి ఇంట్లోనే మొక్కిందనో చెబితే ఓబమ్మ నమ్మేది. అట్లా చెబుతాడేమోనని నేను భయపడ్డాను కూడా. వాడు దిగి, చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి కారు మీద పెట్టాడు.

"అవ్వా, కారుకు జబ్బుండె. బాగు చేయించినా. అది ఇంక మొక్కదు."

"మొక్కకపోతే ఎట్లరా?"

"ఇన్నాళ్ళూ మన బదులు అది మొక్కె. మనమేమో మెత్తటి సీట్లో కూర్చుని పుణ్యం కొట్టేస్తిమి. దాని ఒళ్ళు అరిగిపాయ. మన ఒళ్ళు బాగనే ఉండాది కదవ్వా?"

అని నడిచిపోయి, ఆ ఎండలో, కంకర మీద, అమ్మవారి ముందు బోర్లా పడుకుని మొక్కాడు.

అప్పుడు పెండ్లికూతురు తలుపు తీసుకుని దిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పోయి, మోకాళ్ళ మీద వంగింది. నేను దిగాను. మేనత్త దిగింది. ఓబమ్మ ఒక్కతే కారులో మిగిలింది.

"దిగవ్వా" అన్నాను. "అమ్మ సుంకం వసూలు చేసే తల్లి. కారు సుంకం కారు కట్టుకునింది. నీ సుంకం నువ్వు కట్టల్ల."

"నీ నోట్లో నా చెప్పు పెట్ట! కూర్చున్న జాగాకే పుణ్యం వస్తాంటే చెడగొడితిరి కదే!" అని గొణుగుతూ, మోకాళ్ళు పట్టుకుని దిగింది. మొక్కింది. మొక్కి లేచేటప్పటికి ముఖం వేరుగా ఉంది. "దగ్గర్నించి చూస్తే అమ్మ ఎంత కళగా ఉండాది" అంది. అన్నేండ్లుగా ఆ దారిన పోతూ ఆమె అమ్మవారిని దగ్గరి నుంచి చూడటం అదే మొదలు. కారునే చూస్తూ వచ్చింది పాపం.

మా కారు రోడ్డుకు అడ్డం కావడంతో వెనక వచ్చిన బస్సు నిలిచిపోయింది. డ్రైవరు దిగి "ఏమి కథప్పా ఇది?" అన్నాడు. "ఈడ దిగి మొక్కల్ల" అని ఓబమ్మ గద్దించింది. తన మోకాళ్ళు నొచ్చినప్పుడు ఇంకొకరివి ఎందుకు నొవ్వకూడదని కాబోలు. ఆయన చెప్పులు విడిచాడు. బస్సులో సగం మంది దిగారు. ఆనవాయితీ అనేది అట్లా పుడుతుంది. ఒకరు నిజం చెప్పాలి, ఒకరు గద్దించాలి.

ఒక ముహూర్తాల కాలం తిప్పయ్యకు బాడుగలు తగ్గిన మాట నిజం. తర్వాత "దిగి మొక్కించే తిప్పయ్య" అని మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు. రంగన్న కూడా అక్కడ నిలపడం మొదలుపెట్టాడు, కూతుర్లిద్దరితో సహా దిగి మొక్కుతాడు. కనుమలో అప్పటి నుంచి ఏ బండీ పల్లంలోకి పోలేదు. అమ్మ చలవ అంటుంది ఓబమ్మ. నిలిచి కదిలిన బండి మెల్లగా దిగుతుంది, అంతే అంటాడు దాదాపీర్. ఇద్దరి మాటా కాదనను.

ఆ పెండ్లి నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారులో తిప్పయ్యా నేనూ, అంతే. నేను ముందు సీట్లో, మా ఆయన చివరిసారి కూర్చున్న సీట్లో కూర్చున్నాను. దిగుడులో మోరీ దగ్గరపడింది. ఎడమ పక్క పల్లం. నా చేయి నాకు తెలియకుండానే తలుపు పిడి పట్టుకుంది. తిప్పయ్య చక్రాన్ని కుడికి కాస్త తిప్పాడు. తిప్పినప్పుడే, తిప్పినంతే, కారు తిరిగింది. అంచు మాకు దూరంగా జరిగిపోయింది.

"ఏమప్పా, నడుమ యాడికో పోతాండె కదా ఆ తిప్పు. ఏమాయ?"

"యాడికీ పోలేదక్కా. నా చేతిలోనే ఉండాది." కొంచెం దూరం పోయాక నవ్వాడు. "ఇంక నువ్వు అరిచే పని లేదు."

"నేను అరిచింది కారు కోసమనుకుంటివా? ముందు చూసి పోనియ్యి" అన్నాను.